కొత్త ప్రజాతి అనుకుని అరగదీశా, పిల్లచిప్ప అని తేలింది

కచ్ ఫీల్డ్ ట్రిప్‌లో మూడు బ్రాకియోపాడ్ (ఆల్చిప్పలా కనిపించినా వేరే వర్గానికి చెందిన సముద్ర జీవి) శిలాజ చిప్పలు ఏరుకొచ్చాను, ఏ బొమ్మతోనూ కలవడం లేదు, కొత్త ప్రజాతిగా (జీనస్, అంటే దగ్గరి జాతుల గుంపు) పేరు పెట్టాలంటే ఏం చేయాలి అని అడిగావు కదా తమ్ముడూ. పేరు సంగతి తర్వాత, ముందు వాటిలో ఒకదాన్ని అరగదీసి పొడి చేయడానికి మనసొప్పుతుందా చెప్పు.

నాదీ గుంటూరే. మన పల్నాడు సున్నపురాయి బ్రాకియోపాడ్లు పుట్టకముందుది, సూర్యలంకలో ఏరుకునేవేమో ఆల్చిప్పలు, అందుకే నేనూ పీహెచ్‌డీకి కచ్ పోవాల్సి వచ్చింది. అక్కడ దాదాపు 16 కోట్ల ఏళ్ళ నాటి జురాసిక్ రాళ్ళలో రేగుపండంత చిప్పలు ఐదు దొరికాయి. ఆ ప్రాంతం పేరుతోనే బక్‌మన్ అనే శిలాజ శాస్త్రవేత్త 1918లో పెట్టిన కచ్చిథైరిస్ అనే ప్రజాతి ఉంది, దానికి అంచు దగ్గర మడతలుంటాయి, నావి నున్నగా ఉన్నాయి. ఇంకేముంది, మనసులో 'కృష్ణాథైరిస్' అని బారసాల కూడా చేసేశా.

మా గైడు గారు చూసి "లోపల చూశావా?" అన్నారంతే. ఈ జీవుల్లో సంబంధం లేనివి కూడా బయటికి ఒకేలా కనిపిస్తాయి, తేల్చేది లోపలుండే సన్నటి సున్నపు లూపు. అది రాయిలో కూరుకుపోయి ఉంటుంది. అందుకని ముందు ఫొటోలు, ప్లాస్టర్ అచ్చు తీసుకుని, గాజుపలక మీద కార్బోరండం అనే గరుకు పొడి వేసి చిప్ప ముక్కు (మొనదేలిన కొస) వైపు నుంచి 0.1 మిల్లీమీటరు చొప్పున అరగదీయడం, పలచటి యాసిడ్‌లో ఒక్క క్షణం ముంచి కడిగి ఆరబెట్టడం, ఎసిటోన్ పోసి ప్లాస్టిక్ ఫిల్ము అతికించి, అరిగిన ముఖం అచ్చు దాని మీద పడ్డాక ఊడబీకడం, మళ్ళీ అరగదీయడం. 60 ఫిల్ములు తీశా, ఎక్కడ ఎక్కువ అరిగిపోతుందోనని ఒకటే టెన్షన్. చివరికి చూస్తే లూపు అచ్చం కచ్చిథైరిస్‌దే. తర్వాత కచ్చిథైరిస్ చిప్పలతో కలిపి సైజు వారీగా వరసలో పేర్చి చూస్తే చిప్ప పెరిగేకొద్దీ మడతలు వస్తున్నాయి, నావి పిల్లలు! ఆ పేర్చడమేదో ముందే చేసుండాల్సింది.

నిజంగా కొత్తదైతే టైపు జాతి (ఆ ప్రజాతి పేరుకు ఆధారమయ్యే జాతి) ఒకటి చూపించాలి, దానికి హోలోటైపు (ఆ జాతి పేరుకు ఆధారమయ్యే ఒక్క నమూనా) ఒకటి ఎంచి మ్యూజియంలో నంబరు వేయించాలి, దగ్గరి ప్రజాతులతో తేడా రాయాలి, ఆ పేరు ఏ జంతు ప్రజాతికీ, చివరికి ఏ పురుగుకీ ఉండకూడదు. ఆన్‌లైన్ జర్నల్ మాత్రమే అయితే జూబ్యాంక్‌లో (జంతువుల పేర్ల ఆన్‌లైన్ రిజిస్టరు) నమోదు తప్పనిసరి.

మూడే ఉన్నాయంటున్నావు కాబట్టి ఇప్పుడే అరగదీయకు. వచ్చే చలికాలం మళ్ళీ వెళ్ళి అదే పొరలోంచి చిన్నా పెద్దా కలిపి ఓ యాభై ఏరుకురా. అసలు ఏ పొరలో దొరికాయో రాసుకున్నావా?