పిన్‌బాల్‌కి వైఫై పెడితే కుర్రాళ్ళు వస్తారా?

“పిన్‌బాల్ యంత్రాలకి ఆన్‌లైన్ హంగులు తగిలిస్తే ఇప్పటి పిల్లలు ఆడతారా?” అన్నది ప్రశ్న. తగిలించుకోండి, అభ్యంతరమేం లేదు. కాకపోతే ఆ వైఫై ఆడే కుర్రాడి కంటే యంత్రాన్ని బాగుచేసే మనిషికే ఎక్కువ పనికొస్తుంది. కుర్రాడు రెండో ఆటకి డబ్బులు వెయ్యాలంటే ముందు ఫ్లిప్పర్ (బటన్ నొక్కితే లేచి బంతిని కొట్టే చిన్న రెక్క) కొట్టిన బంతి ర్యాంపు (పైకి ఎక్కే వాలు దారి) ఎక్కాలి. అది ఎక్కనప్పుడు ఎన్ని బ్యాడ్జీలు ఇచ్చి ఏం లాభం?

మనవాళ్ళలో చాలామందికి పిన్‌బాల్ అంటే విండోస్ ఎక్స్‌పీతో వచ్చిన స్పేస్ కేడెట్టే. జెడ్ నొక్కితే ఎడమ ఫ్లిప్పర్, స్లాష్ నొక్కితే కుడిది. ఎక్స్ నొక్కితే బల్లని పక్కకి కుదిపినట్టని ఎంతమందికి తెలుసో మరి. అసలు యంత్రం సంగతి వేరు. 27 మిల్లీమీటర్ల మందం, 80 గ్రాముల బరువు ఉన్న ఉక్కు బంతి ఆరున్నర డిగ్రీల వాలు మీద దిగుతూ ఉంటుంది. సుమారు 50 వోల్టుల కాయిల్ (కరెంటుతో అయస్కాంతమయ్యే తీగచుట్ట) ఫ్లిప్పర్‌ని లేపి దాన్ని కొడితే ఆ దెబ్బ చేతులకి తెలుస్తుంది. స్క్రీన్ మీద లేనిదీ, డబ్బులిచ్చి ఆడాల్సినదీ అదే.

పెట్టాలా వద్దా అన్న చర్చకైతే ఎప్పుడో కాలం చెల్లింది. షికాగో దగ్గర తయారయ్యే స్టెర్న్ కంపెనీ యంత్రాల్లో 2021 నుంచి ఇన్‌సైడర్ కనెక్టెడ్ అనే ఆన్‌లైన్ ఏర్పాటు ఉంది. ఫోన్‌లోని క్యూఆర్ కోడ్ యంత్రానికి చూపిస్తే మీ పేరుతో లాగిన్ అవుతుంది, స్కోరు మీ ఖాతాలోకి పోతుంది, ఫలానా మోడ్ (ఆటలో ఒక అంకం) పూర్తి చేస్తే బ్యాడ్జీ వస్తుంది. జెర్సీ జాక్ అనే ఇంకో కంపెనీ యంత్రాలు కొన్ని స్కోర్‌బిట్ అనే సర్వీసుకి కలుస్తాయి. పాత యంత్రాలకి కూడా స్కోర్‌బిట్ వాళ్ళ చిన్న పరికరం తగిలించి స్కోర్లు నెట్‌కి పంపొచ్చు. ఇద్దరు మనుషులు రెండు యంత్రాల దగ్గర నిలబడి పోటీపడడం కూడా కొత్తేం కాదు. 1997లో వచ్చిన బ్యాలీ వాళ్ళ ఎన్‌బీఏ ఫాస్ట్‌బ్రేక్ యంత్రాలు రెంటిని కేబుల్‌తో కలిపి ఎదురెదురుగా ఆడే ఏర్పాటు అప్పుడే ఉంది. అయినా నీ అద్దం కింద బంతి నీది, వాడి అద్దం కింద బంతి వాడిది. నెట్ ఎంత వేగంగా ఉన్నా అటూ ఇటూ పోయేవి అంకెలే.

ఆ అంకెలనైనా పక్కపక్కన పెట్టి చూడగలమా అంటే, అదీ కష్టమే. వెనక కాళ్ళ లెవెలర్లు (ఎత్తు సర్దే మరలు) తిప్పి వెనక వైపు లేపితే వాలు పెరిగి బంతి వేగం పెరుగుతుంది. ఇంట్లో పెట్టుకున్న యంత్రాన్ని ఐదున్నర డిగ్రీల దగ్గర వదిలేసినవాడికీ, బార్లో ఏడు డిగ్రీల మీద ఆడేవాడికీ ఒకే లీడర్‌బోర్డు! అంచుల్లో బంతి జారిపోయే అవుట్‌లేన్ దగ్గర ఉండే చిన్న గుంజ, అంటే పోస్టుకి సాధారణంగా రెండు మూడు కన్నాలుంటాయి. పోస్టుని ఒక కన్నం జరిపితే సందు సన్నబడి ఆట చాలా తేలికవుతుంది. మరీ కుదిపితే ఆ బంతి ఆట ఆపేసే టిల్ట్ లోలకానికీ దాని చుట్టూ ఉన్న రింగుకీ మధ్య ఖాళీ పెంచితే యంత్రాన్ని ఎంత కుదిపినా ఊరుకుంటుంది. బాల్ సేవ్ (పోయిన బంతిని తిరిగిచ్చే వ్యవధి) ఎన్ని సెకన్లుండాలి, ఎక్స్‌ట్రా బాల్ ఇవ్వాలా వద్దా అన్నది మెనూలో ఓనరు ఇష్టం. ఇవన్నీ కలిస్తే ఒకే యంత్రం మీద ఒకే చెయ్యి తెచ్చే స్కోరు రెండింతలు తేడా రావడం వింతేం కాదు. అందుకే ప్రపంచ ర్యాంకింగు అనే మాట పక్కన పెట్టి ఆ షాపులో ఆ యంత్రం మీద ఈ వారం ఎవరు ముందున్నారో చూపిస్తే చాలు. పక్కూరి స్నేహితుడిని ఓడించడానికి కుర్రాళ్ళు వస్తారు. ఎవరో తెలియని మనిషి వందకోట్ల స్కోరు చూసి రారు.

ఇక అసలు రోగం దగ్గరికి వద్దాం. కొత్తగా వచ్చినవాడు బంతిని సరిగ్గానే కొడతాడు, అది ర్యాంపు ముప్పాతిక వంతు ఎక్కి వెనక్కి జారి రెండు ఫ్లిప్పర్ల మధ్యలోంచి పోతుంది. వాడు తనకి ఆట రాదనుకుంటాడు. తప్పు వాడిది కాదు, యంత్రానిది. ఫ్లిప్పర్ నీరసపడడానికి కారణాలు కొన్నే. కాయిల్ లోపల కదిలే ఇనుప కడ్డీ, అంటే ప్లంజర్, లక్షసార్లు కొట్టుకుని దాన్ని ఆపే కాయిల్ స్టాప్ తల చదునవుతుంది, దాంతో ఫ్లిప్పర్ కదలిక మారిపోతుంది. ప్లంజర్ చుట్టూ ఉండే గొట్టం, అంటే నైలాన్ స్లీవ్‌లో నల్లటి పొడి పేరుకుని ప్లంజర్ ఈడ్చుకుంటూ కదులుతుంది. ప్లంజర్‌ని ఫ్లిప్పర్‌కి కలిపే లింకు అరిగి లూజవుతుంది. స్లీవ్ మార్చాలేగాని అందులో నూనె వెయ్యకూడదు, డబ్ల్యూడీ-40 అసలు కొట్టకూడదు. అది దుమ్ముని పట్టి జిగురవుతుంది, పైగా పక్కన స్విచ్చి నిప్పురవ్వలుంటాయి.

1980ల యంత్రాల్లో ఈవోఎస్ (ఎండ్ ఆఫ్ స్ట్రోక్) స్విచ్ ఇంకో తలనొప్పి. ఫ్లిప్పర్ పూర్తిగా లేచాక ఈ స్విచ్ తెరుచుకుని కాయిల్‌లోని బలమైన చుట్టకి కరెంటు ఆపాలి, అప్పుడు సన్నచుట్ట ఒక్కటే ఫ్లిప్పర్‌ని పట్టి ఉంచుతుంది. కాంటాక్టులు మసిబారితే దెబ్బలో బలం తగ్గుతుంది. స్విచ్ తెరుచుకోకపోతే కాయిల్ కాలి కమురు వాసన వస్తుంది. ఆ కాంటాక్టులని సన్నటి ఆకురాయితో గీకొచ్చు. ప్లేఫీల్డ్ (బంతి తిరిగే బల్ల) మీది చిన్న స్విచ్చిలు అలా కాదు. వాటికి బంగారు పూత ఉంటుంది, గీకితే పోతుంది. వాటికి విజిటింగ్ కార్డు మధ్యలో పెట్టి మెల్లగా లాగితే చాలు. రీబిల్డ్ కిట్ అని ప్లంజర్, లింకు, స్టాప్, స్లీవ్, బుషింగ్ అన్నీ కలిపి దొరుకుతాయి. బిగించేటప్పుడు ఫ్లిప్పర్ ఇరుసుకి కిందా పైనా ఒక మిల్లీమీటర్‌కి కాస్త తక్కువ కదలిక వదలాలి. అసలు వదలకపోతే ఇరుక్కుంటుంది, ఎక్కువ వదిలితే చెక్కని రాసుకుంటుంది. ఇంకో సంగతి, రాత్రి ఎనిమిదికి ఎక్కిన ర్యాంపు పదింటికి ఎక్కదు. రాగి వేడెక్కితే డిగ్రీకి సుమారు 0.4 శాతం రెసిస్టెన్స్ పెరుగుతుంది. కాయిల్ యాభై డిగ్రీలు వేడెక్కిందంటే కరెంటు ఆరోవంతు తగ్గినట్టే. పొద్దున చల్లగా ఉన్నప్పుడు చూసి అంతా బాగానే ఉందనే ఓనర్లకి ఇది ఎక్కదు.

బంతి సంగతీ అంతే. గీతలు పడ్డ బంతి ప్లేఫీల్డ్‌ని ఆకురాయిలా గీకుతుంది, అయస్కాంతం పట్టిన బంతులు బంతులు వరుసగా ఆగే ట్రఫ్‌లో ఒకదానికొకటి అతుక్కుని దిగవు. మైనం పెట్టని ప్లేఫీల్డ్ పౌడరు చల్లని క్యారమ్ బోర్డే. నోవస్ 2 అనే పాలిష్‌తో తుడిచి, ఆపైన కార్నాబా మైనం పలచగా రాయాలి.

వైఫై ఇక్కడ పనికొస్తుంది. 1990ల విలియమ్స్, బ్యాలీ యంత్రాల డిస్‌ప్లేలో “క్రెడిట్స్ 2” పక్కన ఒక్కోసారి చిన్న చుక్క కనిపిస్తుంది. ఆడేవాడి కంటికి అది ఆనదు. ఆ చుక్కకి అర్థం లోపల ఏదో పాడైందని. ఒక స్విచ్ చాలా ఆటలపాటు ఒక్కసారి కూడా తగలకపోతే అది పోయిందని యంత్రం లెక్కగట్టి చుక్క పెడుతుంది. కాయిన్ డోర్ తెరిచి లోపలి బటన్ నొక్కితే ఫలానా నంబరు స్విచ్ చూడమని చెబుతుంది. అప్పటిదాకా సాఫ్ట్‌వేర్ సర్దుకుపోతూనే ఉంటుంది. ఆ స్విచ్‌కి తగలాల్సిన టార్గెట్ లేకుండా మోడ్ మొదలయ్యేలా చూస్తుంది. బంతి ఎక్కడైనా ఇరుక్కుంటే కాసేపాగి, దొరుకుతుందేమోనని కాయిళ్ళన్నీ ఒక్కొక్కటిగా టకటకా కొడుతుంది. యంత్రానికి తన జబ్బు తనకి తెలుసన్నమాట. ముప్పై ఏళ్ళనాడు దానికి చెప్పుకునే దిక్కులేక చుక్క పెట్టి ఊరుకుంది, అంతే.

ఇప్పుడు ఆ చుక్కని ఓనరు ఫోన్‌కి పంపాలి. ఆడిట్లలో (యంత్రం దాచుకునే లెక్కల్లో) సగటు బంతి ఎంతసేపు ఆడిందో ఉంటుంది, ఏ అవుట్‌లేన్‌లోంచి ఎన్ని పోయాయో కూడా చాలా యంత్రాలు లెక్కపెడతాయి. ఎడమ అవుట్‌లేన్ లెక్క ఉన్నట్టుండి పెరిగితే యంత్రం ఒరిగి ఉండొచ్చు. ర్యాంపు తగిలే లెక్క వారానికి వారం తగ్గుతోందంటే ఫ్లిప్పర్ పని పడుతున్నట్టే. ఇవన్నీ చూసి మెకానిక్ సరైన స్పేర్లు పట్టుకుని వస్తే రెండోసారి తిరగక్కర్లేదు. దూరం నుంచి సెట్టింగులు మార్చడం, సాఫ్ట్‌వేర్ ఎక్కించడం స్టెర్న్‌లో ఇప్పటికే ఉంది. ఒకప్పుడు సాఫ్ట్‌వేర్ ఉండే ఈప్రామ్ చిప్పు ఊడదీసి కొత్తది గుచ్చేవాళ్ళు, తర్వాత పెన్‌డ్రైవ్ వచ్చింది.

ఈ సౌకర్యంతో కంపెనీలకి ఒక జబ్బు అంటుకుంది. సగం రాసిన సాఫ్ట్‌వేర్‌తో యంత్రం అమ్మేసి మిగతాది తర్వాత నెట్‌లో పంపుతాం అంటారు. వేల డాలర్లు పోసి కొన్నవాడు ఏడాదిపాటు ఆఖరి మోడ్ కోసం ఎదురుచూస్తూ కూర్చోవాలి. ఇంకా, సర్వర్ మూసేసిన రోజున ఏమవుతుందన్నదానికి ఎవరూ గట్టిగా జవాబు చెప్పరు. 1992 నాటి ఆడమ్స్ ఫ్యామిలీ అనే మోడల్ 20,270 యంత్రాలు అమ్ముడుపోయింది. అందులో చిప్పు నేటికీ ఎవరి అనుమతీ అడగదు. దాని పీడ అల్లా బోర్డు మీది డబుల్ ఏ బ్యాటరీలే, కారాయంటే పక్క చిప్పుల్ని తినేస్తాయి. అవి తీసేసి ఎన్‌వీరామ్ (బ్యాటరీ లేకుండానే గుర్తుపెట్టుకునే చిప్పు) పెట్టుకుంటే ఆ గొడవా ఉండదు. లాగిన్ లేకుండా, నెట్ లేకుండా పూర్తి ఆట ఆడనివ్వని యంత్రాన్ని కొనకపోవడమే మంచిది.

కుర్రాళ్ళని నిజంగా తెస్తున్న ఆన్‌లైన్ అంతా యంత్రం బయటే ఉంది. పిన్‌బాల్ మ్యాప్ అనే యాప్‌లో ఏ ఊళ్ళో ఏ షాపులో ఏ యంత్రం ఉందో ఆటగాళ్ళే రాస్తారు. కుడి ఫ్లిప్పర్ నీరసంగా ఉందని కూడా రాసేస్తారు, ఓనర్లు సిగ్గుపడి బాగుచేయించడం అందులో అసలు లాభం. ట్విచ్ అనే లైవ్ వీడియో సైట్‌లో మ్యాచ్‌లు చూపించేవాళ్ళు ప్లేఫీల్డ్ మీద ఒకటి, డిస్‌ప్లే మీద ఒకటి, ఆడేవాడి ముఖం మీద ఒకటి కెమెరా పెడతారు. బంతి ఎందుకు ఆపి పట్టుకోవాలో, ఎప్పుడు కుదపాలో పిల్లలు అక్కడ చూసి నేర్చుకుంటున్నారు.

అమెరికాలో శాన్ ఫ్రాన్సిస్కో బే ఏరియాలో ఉన్న మనవాళ్ళు పిల్లల్ని అలమెడాలోని పసిఫిక్ పిన్‌బాల్ మ్యూజియంకి తీసుకెళ్ళండి. టికెట్ కొంటే ఆపైన ప్రతి ఆటకీ డబ్బులు వెయ్యక్కర్లేదు. కొత్త యంత్రాల మీద ఒక్క ఆటకి డాలర్ పెట్టి పది సెకన్లలో బంతి పోగొట్టుకునే బాధ ఉండదు. ముందు 1960లు, 70ల నాటి ఎలక్ట్రోమెకానికల్ (కంప్యూటర్ చిప్పులు లేని) యంత్రాల దగ్గర మొదలుపెట్టించండి. రూల్సు తక్కువ, ఏది కొడితే ఎన్ని పాయింట్లో ప్లేఫీల్డ్ మీదే రాసి ఉంటుంది. రెండు ఫ్లిప్పర్లూ ఒకేసారి కొట్టే అలవాటు మొదటి గంటలోనే మాన్పించాలి. ఒకటి లేచినప్పుడు రెండోది కిందే ఉండాలి, లేకపోతే మధ్య సందు తెరుచుకుని బంతి నేరుగా పోతుంది.