తక్కువ జీతం నాది, ఉద్యోగం నేనే మానేయనా?

ప్రశ్న: మాది నెల్లూరు. ఉద్యోగాల కోసం చెన్నై వచ్చి మేడవాక్కంలో ఫ్లాటు కొనుక్కున్నాం. నేను ఒరగడంలో వాహన విడిభాగాల కంపెనీలో ఎనిమిదేళ్లుగా పనిచేస్తున్నాను. చేతికి 36,000 వస్తుంది. నా భార్య షోళింగనల్లూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, ఆమెకు 98,000. ఇంటి రుణం వాయిదా 42,000. పాపకు నాలుగేళ్లు, బాబుకు ఏడాదిన్నర. ఇద్దరి డే కేర్‌కు 13,000, వండుకునే ఓపిక లేక బయటి నుంచి తెప్పించుకునే తిండికి 6,000 దాకా అవుతోంది. బాబుకు జ్వరం వచ్చిన ప్రతిసారీ ఎవరు సెలవు పెట్టాలని గొడవే. నేను మానేసి పిల్లలను చూసుకుందామనుకుంటున్నాను. మా నాన్నగారు మాత్రం ‘పెళ్లాం సంపాదన మీద బతుకుతావా’ అన్నారు. ఒక్క జీతంతో మేము నెట్టుకురాగలమా?

జవాబు: మీ ఉత్తరంలో అంకెలన్నీ ఉన్నాయి, మీ నాన్నగారి మాట కూడా ఉంది. మీ భార్య ఏమంటున్నారో మాత్రం ఒక్క ముక్క లేదు. మీరు మానేస్తే ఇంటి భారమంతా పడేది ఆమె జీతం మీదే. పై అధికారి ఎంత విసిగించినా, ఒంట్లో బాగా లేకపోయినా ‘ఇక చాలు’ అనే వీలు ఆమెకు ఉండదు. ఇంతకాలం మన ఇళ్లలో మగవాళ్లు మోసిన బరువు ఇది. ఆమె దాన్ని ఇష్టంగా తీసుకుంటున్నారా, మీ మొహం చూసి సరే అంటున్నారా అన్నది ముందు తేల్చుకోండి.

ఇక డబ్బు సంగతి. మీరు మానేస్తే పోయేది 36,000 కాదు. డే కేర్ ఖర్చు ఆగుతుంది. మీరు వంటింట్లోకి వెళితే బయటి తిండీ చాలావరకు తగ్గుతుంది. ఆ రెండూ తీసేస్తే లోటు 17,000. దీనికి పి.ఎఫ్. (భవిష్య నిధి) కలపాలి. మీ మూలవేతనం 15,000 అనుకుంటే మీ వాటా, యాజమాన్యం వాటా చెరి 12 శాతం చొప్పున నెలకు 3,600 జమ కావడం ఆగిపోతుంది. అంటే అసలు నష్టం 20,000 దాటుతుంది. ఏటా పెరిగే జీతం, మూడేళ్ల తర్వాత మళ్లీ ఉద్యోగం వెతుక్కునేటప్పుడు తగ్గే బేరం ఈ లెక్కలో లేవు. ఇది చాలా ఇళ్లలో ఆడవాళ్లకు జరిగేదే కాబట్టి ఎవరూ పెద్దగా లెక్క వేయరు. మీ విషయంలో మాత్రం అందరూ వేస్తారు, చూడండి.

మీ భార్య జీతంలో వాయిదా పోగా మిగిలేది 56,000. బడి ఫీజు, సరుకులు, అపార్ట్‌మెంటు నిర్వహణ ఖర్చు, ఊరికి పంపేది అందులోనే సర్దుకోవాలి. కష్టమే, అసాధ్యం కాదు. నాకు భయం వేసేది వేరే చోట. ఆమె ఉద్యోగానికి ఏదైనా అయితే? ఆరు నెలల వాయిదాలకే 2,52,000 కావాలి. ఆ మొత్తం, దానితోపాటు అన్ని నెలల ఇంటి ఖర్చు బ్యాంకులో లేకపోతే రాజీనామా ఆలోచన ప్రస్తుతానికి పక్కన పెట్టండి.

ఉంటే మూడు నెలలు పరీక్షించి చూడండి. మీ జీతంలోంచి డే కేర్‌కూ తిండికీ పోయేది పోనిచ్చి, మిగిలిన 17,000 వేరే ఖాతాలో వేసి తాకకండి. మూడో నెలాఖరుకు 51,000 అలాగే ఉంటే మీ ప్రశ్నకు జవాబు దొరికినట్టే. మధ్యలో తీయవలసి వస్తే అదీ జవాబే. ఈ మూడు నెలలూ తెల్లవారి ఇడ్లీ పిండి నుంచి రాత్రి గిన్నెల దాకా మీరే చూసుకోండి. బిడ్డను ఆడించడానికి ఇంట్లో ఉండటం వేరు, ఇల్లు నడపడం వేరు. మీరు బాబును ఎత్తుకుని కూర్చుంటే, ఆమె ఆఫీసు నుంచి వచ్చి కుక్కర్ పెట్టే ఏర్పాటు అయితే ఇద్దరికీ నష్టమే.

2021 జనవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పులో మన తెలుగువారైన జస్టిస్ ఎన్.వి. రమణ గృహిణి శ్రమ విలువ గురించి విడిగా రాశారు. అందులో ప్రస్తావించిన 2019 కాల వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపనికి ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చిస్తుంటే, మగవాళ్లు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారు. మీరు ఏ వరుసలో చేరబోతున్నారో గోడ గడియారం పెట్టుకుని చూసుకోండి. మీ చెన్నైలోనే మద్రాసు హైకోర్టు 2023లో మరో మాట చెప్పింది. ఇల్లు చూసుకున్న భార్య వల్లనే భర్త సంపాదించగలిగాడు కాబట్టి ఆ ఆస్తిలో ఆమెకూ సమాన వాటా ఉందని తీర్పు ఇచ్చింది. భార్య గురించిన తీర్పే అయినా అందులోని న్యాయం మీ ఇంటికీ పనికొస్తుంది. నెల మొదట్లోనే కొంత సొమ్ము మీ ఖాతాలోకి రావాలి. క్షవరానికి, స్నేహితుడితో కాఫీకి ఆమెను అడగవలసిన స్థితి వస్తే ఆరు నెలల్లో మీ ఇద్దరి మధ్య మాటలు తగ్గిపోతాయి.

మీ తల్లిదండ్రులు మీ కంపెనీ ఆరోగ్య బీమాలో ఉన్నారా? ఉంటే రాజీనామాతో అది పోతుంది. కొత్త పాలసీలో ముందునుంచే ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా నిరీక్షణ కాలం, అంటే వాటి ఖర్చు బీమా ఇవ్వని కాలం, ఉండవచ్చు. అదే బీమా సంస్థలో సొంత పాలసీకి మారే వీలుంటుంది కాబట్టి ఇంకా ఉద్యోగంలో ఉండగానే అడగండి. పి.ఎఫ్. డబ్బు తీసేయకండి. పి.ఎఫ్.తో పాటు వచ్చే పెన్షనుకు పదేళ్ల సర్వీసు కావాలి, మీకు ఎనిమిదే అయ్యాయి, తర్వాత చేరే చోట మిగతాది కలుస్తుంది. ఎనిమిదేళ్లు నిండాయి కాబట్టి గ్రాట్యుటీ, అంటే ఇన్నేళ్ల సేవకు కంపెనీ ఇచ్చే మొత్తం, వస్తుంది. మీ భార్య పేరుమీద టర్మ్ బీమా (ఆమెకు ఏమైనా అయితే కుటుంబానికి సొమ్ము ఇచ్చే జీవిత బీమా) తీసుకోండి. సంపాదించేది ఆమె అయినా పాలసీ మగవాడి పేరుమీదే ఉన్న ఇళ్లు నేను చాలా చూశాను.

మీ నాన్నగారికి జీతాల లెక్కలు చెప్పి వాదించకండి. పిల్లలు బడికి అలవాటు పడేదాకా అని గడువు చెప్పండి, చాలు. గడువు వింటే పెద్దవాళ్లు కొంత తగ్గుతారు. పూర్తిగా ఒప్పుకుంటారని మాత్రం ఆశపడకండి. పండక్కి నెల్లూరు వెళ్లినప్పుడు ఒకటి రెండు మాటలు పడవలసి వస్తుంది. అప్పుడు జవాబు చెప్పవలసింది మీరే, మీ భార్య కాదు.

ఇంకో సంగతి, నిజానికి ముందే చెప్పవలసింది. 50 మంది లేదా అంతకు మించి ఉద్యోగులున్న సంస్థ పిల్లల సంరక్షణ కేంద్రం సౌకర్యం కల్పించాలి. 2017 సవరణతో ప్రసూతి ప్రయోజనాల చట్టంలోకి వచ్చిన ఈ నియమం ఇప్పుడు సామాజిక భద్రతా స్మృతిలో ఉంది. తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసి రావచ్చు. మీ భార్య కంపెనీలో అది ఉందా, దగ్గరలోని ఏదైనా కేంద్రంతో ఒప్పందం ఉందా అని ఆమెను మెయిలు రాసి అడగమనండి. బాబుకు అక్కడ చోటు దొరికితే మీరు మానేయడానికి బదులు దగ్గరలో, జీతం కాస్త తక్కువైనా, మరో ఉద్యోగం చూసుకోవచ్చు. ఆ మెయిలుకు జవాబు వచ్చేదాకా రాజీనామా రాయకండి.