కారు దించాలంటే స్ప్రింగు ఒక్కటే మారిస్తే చాలదా?

ప్రశ్న: నాది 2018 మోడల్ స్విఫ్ట్ పెట్రోల్. 72 వేల కిలోమీటర్లు తిరిగింది. మలుపుల్లో బండి బాగా ఒరుగుతోంది. చక్రాల పైన ఖాళీ కూడా ఎక్కువగా ఉండి చూడ్డానికి బాగోలేదు. 40 మిల్లీమీటర్లు దించే లోయరింగ్ స్ప్రింగులు చూశాను. షాకప్‌లు కూడా కొనాలంటే బడ్జెట్ చాలదు. కంపెనీ షాకప్‌లు ఉంచేసి స్ప్రింగులు ఒక్కటే వేయించుకోవచ్చా? ఉన్న స్ప్రింగునే ఒక చుట్టు కోయిస్తే సరిపోతుందని ఫ్రెండ్ అంటున్నాడు. అమ్మానాన్నలతో కలిపి ఐదుగురం తిరుగుతాం.
– ఓ పాఠకుడు, తణుకు

జవాబు: ముందు మీ ఫ్రెండ్ మాటకు జవాబు చెబుతాను. స్ప్రింగు కోయించకండి. కోసిన కొన స్ప్రింగు ఆనే గిన్నె (సీటు) మీద సరిగా కూర్చోదు. గ్యాస్ కటింగ్ పెడితే ఆ వేడికి ఉక్కు పదును పోతుంది. అలా కోసిన స్ప్రింగు విరిగి వచ్చిన బండ్లు నా షెడ్డులో చూశాను.

ఇక మీ అసలు ప్రశ్న. 2012లో నేనూ ఇదే పని చేశాను. అప్పటికి 60 వేలు తిరిగిన నా చిన్న కారుకి, పాత షాకప్‌లు అలాగే ఉంచి 40 మిల్లీమీటర్ల స్ప్రింగులు వేశాను. విజయవాడ నుంచి గుంటూరు హైవే మీద మొదటి వారం బండి రోడ్డుకి అతుక్కుని పోతున్నట్టే ఉండేది. తర్వాత ఓ ఆదివారం అమ్మను వెనక కూర్చోబెట్టుకుని కరకట్ట మీదుగా అవనిగడ్డ బయల్దేరాను. ప్రతి గతుకుకీ బండి ఒకసారి ఎగిరి ఆగకుండా రెండు మూడు సార్లు ఊగేది. ఒకచోట అమ్మ తల పైకప్పుకి తగిలింది. ఐదో నెలలో వెనక ఎడమ షాకప్ నుంచి ఆయిల్ కారడం మొదలైంది.

కారణం ఇది. స్ప్రింగు బరువు మోస్తుంది, ఊగుతుంది. ఆ ఊపును ఆపేది షాకప్. కంపెనీ షాకప్‌లోని వాల్వులను కంపెనీ స్ప్రింగు బలానికి సరిపోయేలా పెడతారు. పొట్టి స్ప్రింగు త్వరగా పూర్తిగా అణిగిపోకూడదని దాన్ని గట్టిగా చేస్తారు. స్ప్రింగు 30 శాతం గట్టిపడితే, ఊగడం మునుపటిలాగే అదుపులో ఉండటానికి షాకప్ పట్టు దాదాపు 14 శాతం పెరగాలి. మీ షాకప్‌లు 72 వేలు తిరిగి అరిగినవి, ఉన్న పట్టే తగ్గి ఉంటుంది. అప్పుడు నొక్కుకున్న స్ప్రింగు ఒక్కసారిగా విచ్చుకుంటుంటే ఆపేవాడు ఉండడు.

రెండోది, షాకప్ రాడ్డు ఎప్పుడూ 40 మిల్లీమీటర్ల దాకా లోపలికే దిగి పనిచేస్తుంది. బంప్ స్టాప్‌కి (రాడ్డు పూర్తిగా దిగిపోకుండా ఆపే రబ్బరు దిమ్మ) ముందు 60 మిల్లీమీటర్ల జాగా ఉందనుకుందాం, ఇప్పుడు 20 మిగిలింది. ఐదుగురు ఎక్కితే అదీ పోతుంది. ఇక ప్రతి గుంతకీ రబ్బరు మీదే దెబ్బ. స్విఫ్ట్ గ్రౌండ్ క్లియరెన్స్ ఖాళీ బండికే 163 మిల్లీమీటర్లు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రకారం స్పీడ్ బ్రేకర్ ఎత్తు 100 మిల్లీమీటర్లు. మన వీధుల్లో వేసేవి అంతకంటే ఎత్తు ఉంటున్నాయి. మీ ఇంటిల్లిపాదీ కూర్చున్నాక ఆయిల్ ఛాంబర్‌కీ రోడ్డుకీ మధ్య ఎంత మిగులుతుందో మీరే లెక్క వేసుకోండి.

అన్నిటికంటే నన్ను భయపెట్టేది వెనక స్ప్రింగు. స్విఫ్ట్‌కి వెనక స్ప్రింగు, షాకప్ విడివిడిగా ఉంటాయి. చక్రం గాల్లో వేలాడినప్పుడు ఎంత కిందికి దిగాలన్నది షాకప్ పొడవును బట్టే ఉంటుంది. స్ప్రింగు పొట్టిదైతే ఆ దశలో వదులై సీటు నుంచి జారే ప్రమాదం ఉంది. ఎవరు బిగించినా సరే, బండిని లిఫ్టు మీద ఎక్కించి, చక్రాలు వేలాడేటప్పుడు స్ప్రింగును చేత్తో తిప్పమనండి. అది తిరిగితే ఆ బండిని రోడ్డు మీదికి తీసుకురావద్దు. ముందు వైపు స్ప్రింగూ షాకప్పూ ఒకటిగా ఉండే స్ట్రట్‌దీ అదే సంగతి: స్ప్రింగును అణిచే కంప్రెసర్‌తో నొక్కకుండానే పై నట్టు పడుతోందంటే స్ప్రింగులో బిగువు లేదన్నమాట.

షాకప్‌లు కొత్తవై, 25 మిల్లీమీటర్లకు మించకుండా, ఆ మోడల్‌కే చేసిన స్ప్రింగులైతే కంపెనీ షాకప్‌ల మీద కొంతకాలం నడుస్తాయి. నడిచినా షాకప్ ఆయుష్షు తగ్గుతుంది. లోయర్ ఆర్మ్ (చక్రాన్ని బండికి పట్టి ఉంచే కింది చేయి) రబ్బరు బుష్ బోల్టులు బండి బరువు చక్రాల మీద ఉన్నప్పుడే పూర్తిగా బిగించాలి, లేకపోతే రబ్బరు మెలి తిరిగిపోయి త్వరగా చిరుగుతుంది. చాలాచోట్ల ఈ పని వదిలేస్తున్నారు, అది నాకు బాధగా ఉంటుంది. రెండు మూడు వందల కిలోమీటర్లు తిరిగాక వీల్ అలైన్‌మెంట్ చేయించకపోతే ముందు టైర్లు లోపలి అంచున అరుగుతాయి.

చట్టం సంగతి కూడా. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన తీరుకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 సవరణ తర్వాత అనుమతి లేని ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు.

మీ బండికి నా సలహా ఒకటే తమ్ముడూ: లోయరింగ్ స్ప్రింగులకు పక్కన పెట్టిన డబ్బుతో నాలుగు కంపెనీ షాకప్‌లూ, ముందు స్ట్రట్ మౌంట్లూ, స్టెబిలైజర్ (బండి ఒరగకుండా పట్టే కడ్డీ) లింకులూ కొత్తవి వేయించండి. డబ్బు చాలకపోతే ఈ నెల ముందు జత, వచ్చే నెల వెనక జత. ఒక పక్కది మాత్రం విడిగా మార్చకండి. మలుపులో బండి మొత్తం ఎంత ఒరగాలో స్ప్రింగూ, స్టెబిలైజర్ బారూ చూసుకుంటాయి. ఎంత త్వరగా ఒరగాలన్నది షాకప్ చేతిలో ఉంటుంది. మీకు ఒరుగుతున్నట్టు అనిపిస్తున్నది ఆ రెండోదాని వల్లేనని నా అనుమానం. మెకానిక్ పాతవి విప్పగానే మీరే ఒకదాన్ని నిలబెట్టి రాడ్డును నొక్కి చూడండి, పక్కనే కొత్తదాన్నీ నొక్కండి. తేడా మీ అరచేతికే తెలుస్తుంది.