అంగిట్లో తెల్లమచ్చ.. బయాప్సీలో ‘డిస్‌ప్లేజియా’ అని వస్తే క్యాన్సరేనా?

ప్రశ్న: మాది గజపతి జిల్లా, పర్లాకిమిడి దగ్గర పల్లె. అమ్మమ్మకు 62 ఏళ్లు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి అడ్డపొగ (చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని) తాగుతూనే ఉంది. ఈమధ్య అంగిట్లో తెల్లమచ్చ, మధ్యలో ఎర్రటి చుక్కలు కనిపించాయి. నొప్పి లేదు. బరంపురంలో చిన్న ముక్క తీసి పరీక్ష చేస్తే ‘మోడరేట్ డిస్‌ప్లేజియా’ అని వచ్చింది. ఇది క్యాన్సరేనా? ముక్క కోస్తే పాకేస్తుందని ఊళ్లో అందరూ అంటుంటే టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు

జవాబు: రిపోర్టులో ఉన్నది క్యాన్సర్ కాదమ్మా. క్యాన్సర్‌గా మారే అవకాశం ఉన్న దశ. ముక్క తీసినందువల్ల ఇది పాకదు. తీయబట్టే ఇంత ముందుగా తెలిసింది.

మన ఒంట్లో సుమారు 30 లక్షల కోట్ల కణాలుంటాయి. అన్నీ తల్లి కడుపులో పడిన ఒకే ఒక్క కణం నుంచి వచ్చినవే. ఏ కణమైనా ముందు పెరుగుతుంది, తనలోని 46 క్రోమోజోములకు నకలు తీసుకుంటుంది, ఆ తర్వాతే రెండుగా విడిపోతుంది. నకలులో తప్పు దొర్లితే ఆగి సరిచేసుకుంటుంది. సరికాకపోతే తనంతట తానే చచ్చిపోతుంది. ఈ కాపలా పని చేసే జన్యువుల్లో ముఖ్యమైనది పి53.

నోటి లోపలి పొరలో కణాలు విడిపోయేది అట్టడుగు వరుసలోనే. అక్కడ పుట్టినవి మెల్లగా పైకి జరిగి, పల్చబడి, రాలిపోతాయి. వేడి చారుకు నోరు కాలినా నాలుగు రోజుల్లో మానిపోయేది ఇందువల్లే.

అడ్డపొగలో చుట్ట నిప్పు నోట్లోనే ఉంటుంది. రోజూ అంగిలి కాలుతుంటే, చచ్చిన కణాల చోట కొత్తవాటిని నింపడానికి అడుగు వరుస తీరిక లేకుండా విడిపోవాల్సి వస్తుంది. ఎన్నిసార్లు విడిపోతే అన్నిసార్లు నకలు తీయాలి. సరిగ్గా అప్పుడే పొగాకు రసాయనాలు డీఎన్ఏను దెబ్బతీస్తుంటాయి. తప్పులు పోగుపడి, చివరికి కాపలా కాసే జన్యువే చెడిపోతే ఆ కణం, దాని నుంచి పుట్టేవీ ఆగవలసిన చోట ఆగవు. కణాలు ఇలా వరుస తప్పడాన్నే డిస్‌ప్లేజియా అంటారు. మోడరేట్ అంటే, అలా వరుస తప్పిన కణాలు పొర మందంలో మధ్య భాగం దాకా వచ్చాయని. అడుగునున్న సన్నని తెరను చీల్చుకుని కిందికి దిగితేనే క్యాన్సర్ అంటాం. పరీక్షకు వెళ్లిన ముక్కలో అది జరగలేదు.

అయితే తీసింది చిన్న ముక్కే. ఎర్రగా ఉన్న చోటు నుంచి తీశారా అని డాక్టర్‌ను తప్పకుండా అడగండి. ప్రమాదం ఎక్కువగా ఉండేది ఆ ఎరుపులోనే. నొప్పి లేదు కదా అన్న ధీమా వద్దు. ఈ దశలో చాలామందికి నొప్పి ఉండదు.

అమ్మమ్మను తిట్టకండి. మన వైపు ఆడవాళ్లు ఇది తల్లుల దగ్గర, అత్తల దగ్గర నేర్చుకున్నదే. నిప్పు నోట్లో ఉంటే గాలికి ఆరదు, పని చేసుకుంటూ తాగొచ్చు. కానీ చుట్ట ఈరోజే ఆగాలి. నిప్పు బయటికి పెట్టి తాగితే చాలదా అని చాలామంది అడుగుతారు. చాలదు. కాలడం తగ్గుతుందేమో గానీ పొగాకు విషం అలాగే ఉంటుంది. దానికి బదులుగా గుడాఖు (పళ్లకు రుద్దుకునే పొగాకు ముద్ద), గుట్కా అసలే వద్దు. మానడం కష్టమైతే 1800-11-2356 నంబరుకు ఫోన్ చేయండి, డబ్బులు పడవు. మానేశాక కొందరిలో మచ్చ తగ్గుతుంది కూడా. అలాగని ఎదురుచూస్తూ కూర్చోకండి. మచ్చను పూర్తిగా తీసేయాలా, లేజర్ చాలా అన్నది నోటి సర్జన్ చూసి చెప్పాలి. బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీకి గానీ, విశాఖలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి గానీ రిపోర్టుతో, స్లైడుతో (పరీక్షకు తీసిన ముక్క ఉన్న గాజు పలక) సహా వెళ్లండి. తీసేసినా మళ్లీ రావచ్చు కాబట్టి మొదట్లో మూడు నెలలకోసారి చూపించుకోవాలి.

ఇంట్లో, వీధిలో అడ్డపొగ తాగేవాళ్లు ఇంకా ఉంటే వాళ్ల నోరు కూడా టార్చి వేసి చూడండి. మచ్చ గానీ, రెండు వారాలైనా మానని పుండు గానీ కనిపిస్తే అమ్మమ్మతో పాటు వాళ్లనూ తీసుకెళ్లండి.