ఎర్ర కార్డు చూసినవాడే గెలిపిస్తే?

ఐర్లండ్‌లో 2025 జులై 20న టిప్పరేరీ, కార్క్ జట్ల మధ్య జరిగిన అఖిల ఐర్లండ్ హర్లింగ్ ఫైనల్ గురించి విశాఖపట్నం పాఠకులు రాసిన ఉత్తరాలకు ఈసారి జవాబులిస్తున్నాము. అక్కడ చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న మన పిల్లల పుణ్యమా అని ఈ ఆట మన ఇళ్ళలో చర్చకు వస్తున్నట్టుంది. జట్టుకు 15 మంది చొప్పున చెక్క కర్రలతో, చిన్న తోలు బంతితో ఆడే ఈ ఆటలో బంతి గోల్‌లోకి వెళితే 3 పాయింట్లు, గోల్ అడ్డకొయ్య పైనుంచి దాటితే 1 పాయింటు. స్కోరులో గోల్స్‌ను, పాయింట్లను విడివిడిగా రాస్తారు కనుక, టిప్పరేరీ 3-27తో గెలిచిందంటే 36 పాయింట్లు చేసిందని, కార్క్ 1-18 అంటే 21 పాయింట్లని అర్థం.

ప్రశ్న: మా అబ్బాయి డబ్లిన్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. ఫైనల్ చూసినప్పటి నుంచి టిప్పరేరీ ఆటగాడు డారా మెకార్తీని ఆకాశానికెత్తుతున్నాడు. అదే ఏడాది రెండుసార్లు ఎర్ర కార్డు చూసి బయటికి వెళ్ళినవాడికి ఫైనల్ ఆడే అర్హత ఎలా ఉంటుందని నేనడిగితే, గెలిపించాడు కదా నాన్నా అంటున్నాడు. ఎవరి మాట సబబు?
– ఒక పాఠకుడు, ఎంవీపీ కాలనీ

జవాబు: అర్హత విషయంలో మీ అబ్బాయి మాటే సరైనది. ఆ రెండు ఎర్ర కార్డులూ ఒక రకమైనవి కావు. ఏప్రిల్‌లో కార్క్‌తోనే జరిగిన మ్యాచ్‌లో, ఆట మొదలయ్యే క్షణాల్లోనే ప్రత్యర్థిని కర్రతో కొట్టినందుకు అతనికి నేరుగా ఎర్ర కార్డు వచ్చింది. అటువంటి తప్పుకు ఆ తరువాత నిషేధం కూడా ఉంటుంది. జులైలో కిల్కెన్నీతో జరిగిన సెమీఫైనల్‌లో వచ్చినది రెండు పసుపు కార్డులు కలిసి ఎర్రగా మారినది. దానికి శిక్ష ఆ మ్యాచ్‌తోనే ముగుస్తుంది. కాబట్టి అతను ఫైనల్ ఆడటం నిబంధన ప్రకారమే జరిగింది గాని, ఎవరో చూపిన దయ వల్ల కాదు.

అయితే మీ అసంతృప్తిలోనూ నిజముంది. క్రమశిక్షణ ఒక లెక్క, ఆటతీరు మరొక లెక్క అని విడదీసి చూడటం వల్లనే ఇటువంటి వాదనలు తెగవు. కొట్టడం తప్పా కాదా అన్నది ఎలాగూ తేలిన విషయమే. అభిమాని అడగవలసిన ప్రశ్న, ఆ తప్పు జట్టుకు ఎంత ఖరీదు పడిందన్నది. ఎర్ర కార్డు చూసినవాడి స్థానంలో మరొకరు రారు కనుక, ఏప్రిల్‌లో టిప్పరేరీ దాదాపు 70 నిమిషాల మ్యాచ్ మొత్తాన్ని 14 మందితోనే నెట్టుకురావలసి వచ్చింది, చిత్తుగా ఓడిపోయింది. సెమీఫైనల్‌లో 4-20, 0-30 స్కోరుతో, అంటే కేవలం 2 పాయింట్ల తేడాతో గట్టెక్కింది. ఆ రెండు పాయింట్లు అటు తిరిగి ఉంటే మెకార్తీ ఏడాదిని మీ అబ్బాయి కూడా మరో విధంగా చెప్పేవాడు. ఫైనల్‌లో మాత్రం అతను 1-13 చేశాడు. జట్టు చేసిన 36లో 16 ఒక్కడివే. అదే ఏడాది అండర్-20 జట్టుకూ ఆడిన కుర్రవాడు, దేశమంతా తన కోపం గురించి మాట్లాడుకున్న మూడు నెలలకే, నిలకడ తప్ప మరేదీ పనికిరాని ఫ్రీలు (ప్రత్యర్థి తప్పు చేసినప్పుడు దక్కే ఉచిత దెబ్బలు) కొట్టే బాధ్యతను మోయగలిగాడంటే, మెచ్చుకోవలసింది ఆ 16 పాయింట్ల కంటే ఆ నిలకడనే అని నా అభిప్రాయం.

ప్రశ్న: నేను ఒకప్పుడు కబడ్డీ ఆడినవాడిని. పసుపు కార్డు పడితే మా ఆటలో రెండు నిమిషాలు బయట కూర్చోవాలి. మా స్నేహితుల్లో కార్క్ అభిమానిగా మారిన ఒకాయన, ఎర్ర కార్డు తెచ్చుకున్న ఓన్ డౌనీ వల్లనే ఫైనల్ పోయిందంటున్నారు. నిజమేనా అండీ?
– ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: కాదండీ. విరామ సమయానికి కార్క్ 1-16, టిప్పరేరీ 0-13. అంటే కార్క్ 6 పాయింట్ల ఆధిక్యంలో ఉంది. రెండో సగం మొత్తంలో ఆ జట్టు చేసినవి రెండే పాయింట్లు. డౌనీ బయటికి వెళ్ళే సమయానికే టిప్పరేరీ ముందుకు వెళ్ళిపోయింది. పదిహేను మందితో ఆడుతున్నప్పుడే ఎండిపోయిన జట్టు ఓటమిని, ఆ తరువాత వెళ్ళిన ఒక్కడి నెత్తిన రుద్దడం అన్యాయం.

ఇక డౌనీ చేసినది మెకార్తీ ఏప్రిల్‌లో చేసిన దానితో పోల్చదగినది కాదు. గోల్ పడబోతున్నదని తోచి ప్రత్యర్థిని పట్టి ఆపడం రక్షకుడు ఒక్క క్షణంలో చేసే లెక్క. కబడ్డీలో పసుపు కార్డుకు రెండు నిమిషాలతో రుణం తీరిపోతుంది; హర్లింగ్‌లో మొదటి పసుపు కార్డు తరువాత ఆటగాడు మైదానంలోనే ఉంటాడు గాని, రెండోది వస్తే ఇక లోపలికి రాలేడు. అప్పటికే ఒకటి చూసిన డౌనీ వదిలేసి ఉంటే మహా అయితే ఒక గోల్ పోయేది. పట్టుకున్నందువల్ల పెనాల్టీ గోల్‌తో పాటు మనిషీ పోయాడు. దీన్ని దుష్ప్రవర్తన అనను, తప్పిన లెక్క అంటాను.

ప్రశ్న: ఆటగాళ్ళను విమర్శించే హక్కు టికెట్ కొన్న ప్రతివారికీ ఉంటుందని మా కళాశాలలో వాదన. మీరేమంటారు?
– ఒక పాఠకురాలు, సీతమ్మధార

జవాబు: విమర్శించే హక్కు ఉంటుందమ్మా, కాని ఈ ఆట విషయంలో ఒక సంగతి గుర్తుంచుకోవాలి. మధురవాడ స్టేడియంలో మనం చూసే అంతర్జాతీయ క్రికెటర్ హద్దు మీరితే అతని మ్యాచ్ ఫీజులో కోత పెడతారు. హర్లింగ్ ఆటగాళ్ళకు కోత పెట్టడానికి ఫీజే లేదు; ఎనభై వేల మందికి పైగా పట్టే క్రోక్ పార్క్‌లో ఆదివారం ఫైనల్ ఆడినవారు కూడా తరువాత తమ ఉద్యోగాలకో, చదువులకో వెళతారు. వారి సహోద్యోగులు, వారు రోజూ వెళ్ళే దుకాణంలోని మనుషులు కూడా ఆ అభిమానుల్లోనివారే. అందుకని ఏ బంతి వదిలాడు, ఏ కార్డు ఎందుకు తెచ్చుకున్నాడు అన్నంతవరకు ఎంత కటువుగానైనా మాట్లాడవచ్చు. అతని ఇంటివారి ప్రస్తావన, పెంపకం మీద వ్యాఖ్య టికెట్ ధరలో చేరవు. మన కబడ్డీ, క్రికెట్ అభిమానులకూ ఇదే చెబుతాను, ఆటగాడు కోట్లు సంపాదిస్తున్నా సరే.

ప్రశ్న: ఫైనల్‌లో ఉత్తమ ఆటగాడెవరని మీ ఉద్దేశం?
– ఒక పాఠకుడు, భీమిలి

జవాబు: చాలామంది మెకార్తీ వైపు, గోల్స్ కొట్టిన జాన్ మెగ్రా వైపు చూస్తారు. నా ఓటు టిప్పరేరీ గోల్‌కీపర్ రీస్ షెల్లీకి. కార్క్ ఆటగాడు కానర్ లెహాన్ కొట్టిన పెనాల్టీని ఆపడమే కాక, దూరం నుంచి తానూ ఒక పాయింటు చేశాడు. ఒక్క కార్డూ అక్కర్లేకుండానే.