స్లెడ్జ్ గురించి రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. 2014లో అండోరాలోని గ్రాండ్‌వలీరా మంచువాలు మీద బ్రిటన్ మోటార్‌సైకిల్ రేసర్ గై మార్టిన్ స్లెడ్జ్ మీద, అంటే మంచు మీద జారే బండి మీద, గంటకు 134 కిలోమీటర్ల వేగం అందుకుని రికార్డు కొట్టాడు. మంచి విషయం పట్టుకున్నావు. కానీ మూడు పేజీల్లో ‘మెరుపులా’, ‘రివ్వున’, ‘బాణంలా’ అన్నావే తప్ప ఆ బండి ఎలా ఉంటుందో చెప్పలేదు. దాని వెనకున్న షెఫీల్డ్ హాలమ్ యూనివర్సిటీ ఇంజినీర్లు ‘ఎంతో శ్రమించారు’ అని ఒక్క వాక్యంతో వదిలేశావు. నాకు కావలసింది ఆ శ్రమే.

ఒక లెక్క వెయ్యి. గాలి, రాపిడి లేకపోతే సుమారు 70 మీటర్లు కిందికి దిగితే చాలు, ఆ వేగం వచ్చేస్తుంది. నిజం కొండ మీద అంతతో రాదు, గాలీ మంచూ చాలా తినేస్తాయి. అవి తినేది తగ్గించడమే డిజైన్. వేగం రెట్టింపైతే గాలి అడ్డు నాలుగింతలవుతుంది. చిన్నప్పుడు బస్సు కిటికీలోంచి అరచెయ్యి తిప్పి చూసినవాళ్లకి ఇది చేతికి తెలుసు. అక్కణ్ణించి మొదలుపెట్టు.

తేలికైన బండే వేగంగా పోతుందని రాశావు, అది తప్పు. ఒకే ఆకారంలో ఉన్న రెండిటిలో బరువైనదే గాలిని బాగా చీలుస్తుంది. కానీ అదుపు తప్పితే ఆ బరువే మనిషి ప్రాణం మీదికి తెస్తుంది. ఇంజినీరు టెన్షన్ అంతా అక్కడే, నీ కథ కూడా.

ఇక మంచు. నేను మొదటిసారి మనాలి దగ్గరి సోలాంగ్‌లో చూశాను. పొద్దున కాలికింద ఇసకలా గరగరలాడింది, మధ్యాహ్నానికి తడిసి బూట్లు పట్టుకుంది. స్లెడ్జ్ జారేది రాపిడి వేడికి పుట్టే పల్చటి నీటి పొర మీద. చలి మరీ ఎక్కువైతే ఆ పొర సరిగ్గా ఏర్పడదు, మంచు కరిగితే నీరెక్కువై బండిని లాగి పట్టుకుంటుంది. కింది పట్టీల వెడల్పు, నునుపు, వాటికి రాసే మైనం అన్నీ ఆ రోజు మంచును బట్టే. దీనికి ఒక పేజీ ఇవ్వు.

ఇంకొకటి. సెకనుకు 37 మీటర్లు పోయే బండి ఎలా ఆగుతుంది? దిగువన ఎంత చదును కావాలి? బ్రేకు ఒక పక్కే పట్టుకుంటే బండి ఎటు తిరుగుతుంది? నీ వ్యాసంలో ఒక్క మాట లేదు. అది కనుక్కుని రాసి, సంక్రాంతిలోపు పంపు. మొత్తం మళ్లీ చదువుతాను.

నీ అన్న