కౌంట్ మంచిగుండి యాంటీ స్పెర్మ్ యాంటీబాడీస్ వస్తే పిల్లలు కారా? మా ఇంట్ల అయింది చెప్తా

చెల్లె, మీ ఆయన రిపోర్టుల వీర్యకణాల కౌంట్ మంచిగనే ఉన్నది గని యాంటీబాడీస్ (మన ఒంట్ల ఇమ్యూనిటీ తయారు చేసి ఆ కణాలకు అంటుకునేటియి) పాజిటివ్ వచ్చింది, ఇగ పిల్లలు కారా అని అడిగినవ్ కదా. అసలే కారు అనేది లేదు, కష్టమైతది అంతే. నాకు గదే వచ్చింది గాబట్టి రాస్తున్న.

మాది హన్మకొండ. పెండ్లయి నాలుగేండ్లయినా కడుపు రాకపోతే మావోళ్ళు మా ఆమెనే దవాఖానలు తిప్పిన్రు, స్కానింగులు, ట్యూబుల టెస్టు, థైరాయిడు ఒక్కటి ఇడిసిపెట్టలే, నన్ను అడిగినోడు లేడు, నేను గూడ నాకేమైతది అని కూసున్న. ఆఖరికి నా వీర్యం టెస్టు చేస్తే కౌంట్ 48 మిలియన్లు, అంతా నార్మల్ అని ఒక డాక్టరు కాయితం మడిచి చేతుల పెట్టిండు. కింద చిన్న అక్షరాలల్ల అగ్లూటినేషన్, అంటే కణాలు ఒకదానికొకటి అంటుకునుడు, అని రాసి రెండు ప్లస్సులు పెట్టి ఉన్నయి, దాన్ని ఎవ్వరు సూడలే. ఇంకో ఏడాది గట్లనే పాయె.

వేరే కాడికి పోతే ఆ మేడం ల్యాబుల మైక్రోస్కోపు ముందట కూసోబెట్టి నన్నే సూడుమన్నది. కణాలు గుంపులు గుంపులు, తలకు తల, తోకకు తోక అంటుకొని ఉన్నయి, తోకలు కొట్టుకుంటనే ఉన్నయి గని జాగ ఇడిసి పోతలేవు. మేడారం జాతరప్పుడు బస్సు డోర్ కాడ అందరు ఒక్కసారే ఎగబడి ఎవ్వరు ఎక్కకుంట ఇరుక్కుంటరు సూడు, అచ్చం గట్లనే.

సంగతేందంటే వీర్యకణాలు చిన్నప్పటి సంది ఉండయి, ఈడుకొచ్చినంకనే తయారైతయి, అప్పటికే మన ఒంట్ల ఇమ్యూనిటీ ఎవరు మనోళ్ళు ఎవరు బయటోళ్ళు అని నేర్సుకొని ఉంటది, గందుకే వృషణాలల్ల ఆ కణాలకు రక్తానికి నడుమ ఒక గోడ లెక్క ఉంటది. దెబ్బ తగిలినా, మెలిపడ్డా, ఇన్ఫెక్షన్ అయినా, వేసక్టమీ (మగోళ్ళ కుటుంబ నియంత్రణ ఆపరేషన్) చేయించుకున్నా ఆ గోడకు సందు పడ్తది, ఇమ్యూనిటీ వాటిని శత్రువులనుకొని యాంటీబాడీస్ తయారు చేస్తది. వేసక్టమీ అయిన మగోళ్ళల్ల సగం మందికి పైనే ఇవి వస్తయట. నాకు పదో తరగతిల కార్క్ బాల్ తగిలి వారం దినాలు వాచింది, ఇంట్ల చెప్పనీకి సిగ్గయి మెడికల్ షాపుల గోళీలు కొనుక్కొని మింగిన. మేడం అడిగేదాంక అది నాకు యాదికే లేదు. గదే కావచ్చు, ఖచ్చితంగ చెప్పలేం అన్నది.

ఇట్ల అంటుకున్న కణాలు గర్భాశయ ముఖద్వారం కాడి జిగురు దాటి పోలేవు, అక్కడ్నే వణుక్కుంట ఆగిపోతయి. ఒకటి అర దాటినా అండం పై పొరకు అతుక్కోలేవు. కొందరు ఆడోళ్ళ జిగురుల గూడ ఇవే యాంటీబాడీస్ ఉంటయి. రక్తపరీక్షతోని పెద్దగ తెల్వది, కదిలే కణాలల్ల నూటికి ఎన్నింటికి యాంటీబాడీస్ పట్టినయో చూసే మార్ టెస్టే అసలుది. డబ్ల్యూహెచ్ఓ 2010 పుస్తకంల 50 శాతం హద్దు పెట్టిన్రు, నాది 78.

మందులంటవా, ఎన్కట పెద్ద డోసు స్టెరాయిడ్లు ఇచ్చేటోళ్ళట. వాటితోని తుంటి ఎముక దెబ్బతిన్నోళ్ళు ఉన్నరు, వద్దన్నది మేడం, నేను గూడ వద్దనే అంట. ఐయూఐ, అంటే వీర్యాన్ని కడిగి సీదా గర్భాశయంల పెట్టుడు, రెండుసార్లు చేసిన్రు, కాలే. వీర్యాన్ని కడిగినా కణానికి పట్టుకున్న యాంటీబాడీస్ ఊడిపోవు మరి. ఆఖరికి ఇక్సీ. ఒక్క కణాన్ని సూదితోని సీదా అండంల పెడ్తరు, 1992ల బెల్జియంల దీనితోని మొదటి పిల్లలు పుట్టిన్రు, జిగురు దాటుడు లేదు అతుక్కునుడు లేదు గాబట్టి యాంటీబాడీస్ పంచాయితే ఉండది. మాకు రెండోసారికి నిలిచింది. పైసలు మస్తయినయి, అబద్ధం చెప్ప. మా అమ్మ మాత్రం సమ్మక్క తల్లే ఇచ్చిందంటది, పాప ఎత్తు బంగారం, అంటే బెల్లం, తూకమేసి మొక్కు తీర్సింది, నేనేం మాట్లాడలే.

మీ ఆయనది మార్ టెస్టుల శాతం ఎంతుందో ముందుగాల సూడు చెల్లె. తక్కువుంటే, నీ వయసు గూడ చిన్నదైతే, ఇక్సీకి ఉరకకుంట కొన్ని నెలలు ఆగొచ్చా అని అడుగు. ఇంకోటి, చిన్నప్పుడు దెబ్బ గిట్ల తగిలిందా, ఆపరేషన్ ఏమన్న అయిందా అని ఆయన్ని ఇంట్లనే మెల్లగ అడుగు, డాక్టరు ముందట నోరు తెరువడు.